ఎకో రిపోర్టు ఒక కాషన్ ఆర్డరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సర్వసభ్య సమావేశంలో రైల్వే వైద్యశాఖ విశ్రాంత వైద్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఇలాంటి రోజున గుండె జబ్బు గురించి మాట్లాడడం బాగుంటుందా అని మొదట సందేహించాను. కాని కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "డాక్టరుగారూ, మన సభ్యుల్లో చాలామంది దగ్గర ఎకో రిపోర్టులున్నాయి. కొందరు అందులోని అంకె చూసి బెంగతో మంచం పడుతున్నారు. కొందరు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. ఆ కాగితం ఎందుకో, దాన్ని ఎంతవరకు నమ్మాలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. కాబట్టి ఆ నాలుగు మాటలే మనవి చేస్తాను.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెప్పి మొదలుపెడతాను.

2001లో ఒక రిటైర్డ్ గార్డుగారు ఆయాసంతో నా దగ్గరకు వచ్చారు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు కాని అప్పట్లో గార్డే. కాళ్ల వాపులు, రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, అన్నీ ఉన్నాయి. ఎకో తీస్తే పంపింగ్ 25 శాతం వచ్చింది. వరండాలో ఆయన కొడుకు నన్ను పక్కకు పిలిచి, "దాచకుండా చెప్పండి, నాన్న ఎన్నాళ్లుంటారు?" అని అడిగాడు. నేను పుస్తకాల్లో చదివిన లెక్క మనసులో పెట్టుకుని, "రెండేళ్లు అనుకోండి" అనేశాను.

ఆ మాట పట్టుకుని వాళ్లు ఏం చేశారో నాకు తర్వాత తెలిసింది. తాతగారు ఉండగానే జరగాలని డిగ్రీ చదువుతున్న మనవరాలిని కాలేజీ మాన్పించి పెళ్లి చేశారు. గార్డుగారు మాత్రం తొమ్మిదేళ్లు బతికారు. ప్రతి నవంబరులో బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, అటునుంచి అటే నా గదికి వచ్చి, "డాక్టరుగారూ, నేను బతికే ఉన్నానని బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు. మరి మీరేమంటారు?" అని నవ్వేవారు. నేనూ నవ్వేవాడిని. కాని ఆ అమ్మాయి చదువు తిరిగి రాలేదు.

అప్పుడు ఎకో యంత్రం తప్పు చెప్పలేదు. దాన్ని చదవడంలో తప్పు చేసింది నేను. ఆ తప్పు ఎక్కడుందో చెప్పడమే ఈనాటి నా ప్రసంగం ఉద్దేశం.

శబ్దంతో గుండెను చూడడం

మన రైల్వేవాళ్లకు ఎకో పరీక్ష కొత్త సంగతి కాదు. ఇంజనీరింగు శాఖలో పనిచేసినవారికి అల్ట్రాసానిక్ టెస్టింగు తెలుసు. పట్టా మీద యంత్రాన్ని నడిపిస్తారు. చెవికి వినపడని శబ్దం పట్టాలోకి వెళుతుంది. లోపల పగులుంటే అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. పైకి నున్నగా కనిపించే పట్టా లోపల ఏముందో అలా తెలుస్తుంది.

గుండె ఎకో పుట్టుక కూడా అక్కడే ఉంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త ఉండేవారు. మాల్మో ఓడల కర్మాగారంలో లోహాల్లో పగుళ్లు వెతికే యంత్రం ఉందని తెలిసి హెర్ట్జ్ అక్కడికి వెళ్లి, దాన్ని తన ఛాతీ మీదే పెట్టుకుని చూశాడు. గుండె కదలికలు తెర మీద కనిపించాయి. తర్వాత అలాంటి యంత్రాన్ని అరువు తెచ్చుకుని 1953లో ఇద్దరూ కలిసి గుండె కదలికను నమోదు చేశారు. 1977లో వారికి లాస్కర్ బహుమతి వచ్చింది.

ఎకోలో రంగురంగులుగా కనిపించే డాప్లర్ పరీక్షకూ రైలుకూ చుట్టరికం ఉంది. శబ్దం చేసే వస్తువు దగ్గరకు వస్తుంటే స్వరం హెచ్చుగా, దూరమవుతుంటే తగ్గుగా వినిపిస్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆగకుండా వెళ్లే ఎక్స్‌ప్రెస్ కూత విన్న మనందరికీ ఇది అనుభవమే. ఈ సూత్రాన్ని డాప్లర్ 1842లో చెప్పాడు. 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త బాకా వాయించేవారిని రైలెక్కించి, స్వరజ్ఞానం ఉన్నవారిని పట్టాల పక్కన నిలబెట్టి దాన్ని రుజువు చేశాడు. గుండెలో రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో ఇప్పుడు ఆ సూత్రంతోనే కొలుస్తున్నాము. ఇందులో సూది లేదు, కోత లేదు, రేడియేషన్ లేదు. జెల్ రాసి పావుగంటో అరగంటో చూస్తారు, అంతే.

పంపింగ్ అంటే మార్కులు కావు

హార్ట్ ఫెయిల్యూర్ అనే పేరే మనల్ని భయపెడుతుంది. గుండె ఆగిపోయిందని దాని అర్థం కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం, లేదా పంపడానికి లోపల ఒత్తిడి బాగా పెరగవలసి రావడం. అందువల్ల ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది.

రిపోర్టులో అందరూ ముందుగా చూసేది ఇ.ఎఫ్., అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్. మనవాళ్లు పంపింగ్ అంటారు. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి. ఒక్కసారి ముడుచుకున్నప్పుడు 70 మిల్లీలీటర్లు బయటకు వెళితే ఇ.ఎఫ్. 58 శాతం. అంటే అది నూటికి వచ్చిన మార్కులు కాదు. నూటికి నూరు ఎవరికీ రాదు, రాకూడదు కూడా. ఒక పెద్దాయన 60 శాతం అని రిపోర్టు రాగానే, "నలభై శాతం గుండె పోయిందటండీ" అని భార్యతో చెప్పి కన్నీళ్లు పెట్టించారు. నిజానికి అది చక్కగా పనిచేస్తున్న గుండె.

గుండె వైఫల్యం లక్షణాలున్నవారిలో 40, అంతకంటే తక్కువ ఉంటే పంపింగ్ తగ్గినదని, 41 నుంచి 49 వరకు స్వల్పంగా తగ్గినదని, 50, ఆపైన ఉంటే పంపింగ్ నిలిచి ఉన్నదని మూడు తరగతులు చేశారు. మందుల ఎంపికకు ఈ విభజన పనికివస్తుంది.

ఈ అంకె రోగి భవిష్యత్తు గురించి ఏమైనా చెబుతుందా? చెబుతుంది. ఛార్మ్ అనే పరిశోధనల్లో 7,599 మంది గుండె వైఫల్య రోగులను గమనించారు. ఇ.ఎఫ్. 45 కంటే దిగువన ప్రతి 10 పాయింట్లు తగ్గినకొద్దీ మరణించే ప్రమాదం 39 శాతం చొప్పున పెరిగిందని 2005లో ప్రకటించారు. అదే పరిశోధన ఇంకొకటి కూడా చెప్పింది. 45 దాటిన తర్వాత అంకె ఎంత పెరిగినా ప్రమాదంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 55 వచ్చినాయన 65 వచ్చినాయనను చూసి అసూయపడనక్కరలేదు.

ఇంకో మాట. ఈ కొలత ఇంచుటేపుతో కొలిచినట్టు కచ్చితంగా ఉండదు. ఒకే మనిషికి ఇద్దరు చూస్తే 5 నుంచి 10 పాయింట్ల తేడా రావచ్చు. ఆ రోజు రక్తపోటు ఎంత, నాడి సక్రమంగా ఉందా, బొమ్మ స్పష్టంగా వచ్చిందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. పోయిన ఏడు 38, ఈ ఏడు 35 అని నిద్రమానుకోకండి. వీలైతే ఒకేచోట చేయించుకోండి, పాత రిపోర్టులు వెంట తీసుకువెళ్లండి.

రిపోర్టులో చదవవలసిన మిగతా వరుసలు

అనుభవమున్న వైద్యుడు ఇ.ఎఫ్. ఒక్కటే చూసి రిపోర్టు పక్కన పెట్టడు. భవిష్యత్తును చెప్పే వరుసలు ఇంకా ఉన్నాయి.

మొదటిది, గుండె ఎలా నిండుతోంది అన్నది. గుండె ముడుచుకోవడం ఎంత ముఖ్యమో సడలడం అంత ముఖ్యం. రిపోర్టులో గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని ఉంటే భయపడకండి. అరవై దాటిన వారిలో అది చాలామందికి ఉంటుంది. వయసుతో మోకాళ్లు బిగిసినట్టే గుండె కండరమూ కొంచెం బిగుస్తుంది. ఆయాసం లేకపోతే, అది ఒక్కటే ఉంటే, రక్తపోటు, షుగరు అదుపులో పెట్టుకుంటే చాలు. గ్రేడ్ 3 అంటే వేరు. దాన్ని రెస్ట్రిక్టివ్ అంటారు. లోపలి ఒత్తిడి బాగా పెరిగిందని అర్థం. గుండె వైఫల్యం ఉన్నవారిలో ఇది ఉంటే, ఇ.ఎఫ్. ఎంత ఉన్నా సరే, ప్రమాదం ఎక్కువని పలు పరిశోధనలు కలిపి చూసినప్పుడు తేలింది.

రెండవది, ఎడమ కర్ణిక పరిమాణం. లోపలి ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఈ గది సాగి పెద్దదవుతుంది. ఒంటి పరిమాణాన్ని బట్టి లెక్కగట్టినప్పుడు చదరపు మీటరుకు 34 మిల్లీలీటర్లు దాటితే పెరిగినట్టు. ఇవాళ్టి రక్తపోటు ఇవాళ్టిదే చెబుతుంది, ఈ గది మాత్రం పాత చరిత్రంతా చెబుతుంది.

మూడవది, మైట్రల్ కవాటం లీకు. జఠరిక సాగినప్పుడు కవాటం రెక్కలు సరిగా మూసుకోక రక్తం వెనక్కి పోతుంది. స్వల్పంగా ఉంటే ఫరవాలేదు. తీవ్రంగా ఉంటే ప్రమాద సూచన.

నాలుగవది, కుడివైపు గుండె. టాప్సీ అని ఒక కొలత రాస్తారు. కుడి జఠరిక అంచు ఒక్కొక్క స్పందనకు ఎంత కదులుతోందో అది చెబుతుంది. 17 మిల్లీమీటర్ల కంటే తగ్గితే కుడివైపు కూడా అలిసిపోయిందని అర్థం. ఎడమవైపు జబ్బుకు కుడివైపు కూడా తోడైతే రోగం ముదిరినట్టు.

ఐదవది, ఐ.వి.సి. పొట్ట నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర ఇది. గట్టిగా ఊపిరి లోపలికి పీలిస్తే సగానికి పైగా కుంచించుకోవాలి. 21 మిల్లీమీటర్లు దాటి ఉబ్బి, పీల్చినా కుంచించుకోకపోతే శరీరంలో నీరు నిలిచి ఉందని గుర్తు. ఆ స్థితిలో ఇంటికి పంపిన రోగి మళ్లీ ఆసుపత్రికి వచ్చే అవకాశం ఎక్కువ.

పంపింగ్ బాగుంది కదా అని

మన ఆడవాళ్ల విషయంలో, బీపీ, షుగరు, స్థూలకాయం ఉన్నవారి విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. మేడ మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు. ఎకోలో ఇ.ఎఫ్. 60. "పంపింగ్ బాగుందమ్మా, వయసు మీద పడింది, అంతే" అని పంపేస్తారు.

పంపింగ్ నిలిచి ఉన్నా గుండె వైఫల్యం ఉంటుంది. అమెరికాలో ఈ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన 65 ఏళ్లు దాటిన 39,982 మందిని ఐదేళ్లు గమనించి 2017లో ఫలితం ప్రకటించారు. పంపింగ్ తగ్గినవారిలోనూ, నిలిచి ఉన్నవారిలోనూ ఐదేళ్లలో మరణించినవారు ఇంచుమించు ఒకే సంఖ్యలో, నూటికి 75 మంది చొప్పున ఉన్నారు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. వారంతా 2005, 2009 మధ్య ఆసుపత్రిలో చేరినవారు, వయసు మళ్లినవారు. పంపింగ్ అంకె బాగుందని ఆయాసాన్ని పట్టించుకోకుండా ఉండరాదని చెప్పడానికే ఈ లెక్క. ఇలాంటివారికి కూడా మేలు చేసే మందులున్నాయని 2021 నుంచి రుజువైంది. షుగరు కోసం వచ్చిన ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ మందులు షుగరు లేనివారిలో కూడా గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడాన్ని తగ్గిస్తున్నాయి.

జోస్యానికీ అంచనాకూ తేడా

ఇప్పుడు నా పొరపాటు దగ్గరకు వస్తాను.

పుస్తకంలో ఇ.ఎఫ్. 25 ఉన్నవారిలో ఇంతమంది రెండేళ్లలో పోతారని రాసి ఉంటే, అది ఒక గుంపు గురించి చెప్పిన మాట. నూరుగురిలో ఎందరు అన్నది అది చెప్పగలదు. ఆ నూరుగురిలో మన గార్డుగారు ఎవరన్నది చెప్పలేదు. నేను గుంపు లెక్క తెచ్చి ఒక మనిషికి తేదీ వేశాను.

రెండవ తప్పు, నేను చదివిన లెక్క పాతది. నేను చదువుకునే రోజుల్లో గుండె వైఫల్యానికి బీటా బ్లాకర్ మందులు ఇవ్వకూడదనేవారు. 1999లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనల్లో అవే మందులు మరణాలను 34 శాతం తగ్గించాయి. అదే ఏడాది స్పైరనోలాక్టోన్ 30 శాతం తగ్గించిందని వచ్చింది. గార్డుగారికి ఆ మందులే మొదలుపెట్టి, భవిష్యత్తు మాత్రం అవి లేని కాలపు లెక్కతో చెప్పాను.

మూడవ తప్పు, ఒక్క అంకెతో చెప్పడం. 2013లో వచ్చిన మ్యాజిక్ అనే లెక్కింపు పద్ధతి ఉంది. 39,372 మంది రోగుల వివరాలు కలిపి దాన్ని తయారుచేశారు. అందులో చూసే అంశాలు 13. వయసు, రక్తపోటు, బరువు, మూత్రపిండాల పనితీరు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బు, పొగతాగడం, ఆయాసం ఏ స్థాయిలో ఉంది, ఏయే మందులు వాడుతున్నారు వంటివన్నీ ఉన్నాయి. ఎకో నుంచి తీసుకున్నది ఇ.ఎఫ్. ఒక్కటే. అంటే 13లో ఒకటి.

మరి ఎకో అంచనా ఎందుకు? మళ్లీ మన పట్టా దగ్గరకే వెళదాం. అల్ట్రాసానిక్ పరీక్షలో లోపం కనబడితే ఇన్‌స్పెక్టరు ఏం చేస్తారు? ఏ తేదీన విరుగుతుందో చెప్పరు. లోపాన్ని తరగతి కడతారు. వెంటనే మార్చవలసినవి ఐ.ఎం.ఆర్., గమనిస్తూ ఉండవలసినవి ఓ.బి.ఎస్. అని రాస్తారు. వెంటనే మార్చవలసినదైతే డ్రైవరుకు కాషన్ ఆర్డరు అందుతుంది. ఇక్కడి నుంచి ఇక్కడి వరకు వేగం తగ్గించి వెళ్లండి, పని జరుగుతోంది అని. బండి ఆగిపోదు. చేరవలసిన ఊరు చేరుతుంది. అయితే కాషన్ ఆర్డరు చదవకుండా జేబులో పెట్టుకుని పూర్తి వేగంతో పోతే మాత్రం ప్రమాదం తప్పదు.

ఎకో రిపోర్టు సరిగ్గా అటువంటిది.

అంచనాతో ఏం చేయాలి

ఈ ఆర్డరు చూసి చేయవలసిన పనులు మూడు.

ఒకటి, మందులు. పంపింగ్ తగ్గినవారికి ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇవ్వాలని నిర్ణయమైంది. బీటా బ్లాకరు, స్పైరనోలాక్టోన్ జాతి మందు, సాక్యుబిట్రిల్ వల్సార్టాన్ గాని అటువంటి మరొకటి గాని, నాల్గవది ఇందాక చెప్పిన గ్లిఫ్లోజిన్. వీటికి మన దేశంలోనే జనరిక్ మందులు తయారవుతున్నాయి. అయినా అందరికీ అందడం లేదు. మన దేశంలో 53 ఆసుపత్రుల నుంచి 10,851 మంది గుండె వైఫల్య రోగుల వివరాలు సేకరించి 2022లో ప్రకటించారు. వారి సగటు వయసు 60. మూడు నెలల్లోనే నూటికి సుమారు 14 మంది మరణించారు. పంపింగ్ తగ్గినవారిలో నిర్దేశించిన మందులు పూర్తిగా అందినవారు సగం కంటే తక్కువ. పెద్ద యంత్రంతో జబ్బు కనిపెట్టి, మాత్ర దగ్గర ఆగిపోతున్నాము. మిత్రులారా, నాకు బాధ కలిగించే లెక్క ఇదే.

రెండు, పరికరాలు. పూర్తి మోతాదులో మందులు కనీసం మూడు నెలలు వాడిన తర్వాత మళ్లీ ఎకో తీసి, ఇ.ఎఫ్. 35 లోపే ఉంటే, ఐ.సి.డి. అనే యంత్రం అవసరమా అని వైద్యుడు ఆలోచిస్తాడు. గుండె లయ ఒక్కసారిగా తప్పినప్పుడు అది లోపలి నుంచే షాకు ఇచ్చి బతికిస్తుంది. 2,521 మందితో చేసి 2005లో ప్రకటించిన పరిశోధనలో అది మరణాలను 23 శాతం తగ్గించింది. మైట్రల్ లీకు తీవ్రంగా ఉండి మందులకు లొంగనివారిలో తగినవారిని ఎంచి, గుండె కోయకుండా తొడ నరం ద్వారా వెళ్లి కవాటానికి క్లిప్పు వేస్తున్నారు. 614 మందితో చేసి 2018లో ప్రకటించిన పరిశోధనలో, రెండేళ్లలో మందులు మాత్రమే వాడినవారిలో నూటికి 46 మంది, క్లిప్పు కూడా వేసినవారిలో 29 మంది మరణించారు. ఎవరికి ఏది అవసరమో తేల్చేది ఎకోయే.

మూడు, నిఘా. రోజూ ఉదయం కాలకృత్యాలు కాగానే, టిఫిను తినకముందే బరువు చూసి కాలెండరు మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్లు కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆవకాయ, అప్పడాలు, వడియాల విషయంలో చెయ్యి వెనక్కి తీసుకోండి. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి నొప్పి బిళ్లలు కొనుక్కోకండి. అవి నీటిని నిలవేస్తాయి. ఆయాసం పెరిగినప్పుడు, మందులు మార్చిన తర్వాత మూడు నెలలకు ఎకో అవసరం. ఏ తేడా లేకపోతే నెలనెలా తీయించుకోవడం డబ్బు దండగ.

అంకె పెరిగిందని మందు మానరాదు

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. దీనికోసమే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.

మన సభ్యులొకరు, స్టేషను మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇ.ఎఫ్. 30తో వచ్చారు. శ్రద్ధగా మందులు వాడి ఏడాదిన్నరలో 52కి తెచ్చుకున్నారు. ఇంట్లో పాయసం చేసుకున్నారు. తర్వాత ఊరికి వెళ్లినప్పుడు ఎవరో, "నార్మల్ అయ్యాక ఇంకా అన్ని మాత్రలెందుకు, కిడ్నీలు పాడవుతాయి" అన్నారు. ఆయన ఎవరికీ చెప్పకుండా మానేశారు. ఐదు నెలల తర్వాత అర్ధరాత్రి ఊపిరాడక అంబులెన్సులో వచ్చారు. ఎకోలో మళ్లీ 28. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది. కాని ఈసారి అంకె 40 దాటడం లేదు.

ఇది ఆయన ఒక్కరి సంగతి కాదు. లండన్‌లో ఇదే ప్రశ్న మీద పరిశోధన చేసి 2019లో లాన్సెట్ పత్రికలో అచ్చువేశారు. గుండె కండరం జబ్బు చేసి, మందులతో పూర్తిగా కోలుకున్న 51 మందిని తీసుకుని, సగం మందికి వైద్యుల పర్యవేక్షణలోనే మందులు మెల్లగా ఆపారు. ఆరు నెలల్లో వారిలో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఒక్కరికీ ఆ కాలంలో తిరగబెట్టలేదు. అంకె పెరిగిందంటే జబ్బు పోయిందని కాదు, మందు పనిచేస్తోందని. లైన్ క్లియర్ దొరికిందని బ్రేకులు తీసి పారేయము కదా! మోతాదు మార్చాలన్నా, ఏదైనా మానాలన్నా మీ డాక్టరు చేత చెప్పించుకుని చేయండి.

నాలుగు ప్రశ్నలు

ఈసారి ఎకో రిపోర్టు చేతికి వచ్చినప్పుడు ఈ నాలుగు అడగండి. ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పోయినసారికీ ఇప్పటికీ ఏమి తేడా ఉంది? కుడివైపు గుండె, కవాటాలు, ఐ.వి.సి. ఎలా ఉన్నాయి? దీన్ని బట్టి నా మందుల్లో ఏదైనా చేర్చాలా, పెంచాలా? మళ్లీ ఎకో ఎప్పుడు? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. రిపోర్టులన్నీ తేదీల ప్రకారం ఒక ఫైలులో పెట్టండి. సర్వీసు రిజిస్టరును ఎంత జాగ్రత్తగా చూసుకున్నామో ఆ ఫైలును అంత జాగ్రత్తగా చూసుకోండి.

ఎన్నాళ్లు అని ఇప్పటికీ కొడుకులు, కూతుళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. అడగడం తప్పు కాదు. నేనిప్పుడు చెప్పే జవాబు ఇది. "జబ్బు తేలికైనది కాదు, దాచను. ఇలాంటి నూరుగురిలో ఇంతమంది కష్టాల్లో పడతారు, ఇంతమంది బాగానే నెట్టుకొస్తారు. మీ నాన్నగారు ఎటువైపు ఉంటారో నాకు తెలియదు. ఆయనను మంచివైపు ఉంచడానికి చేయవలసినవి ఇవి. నామినేషను కాగితాలు, ఫ్యామిలీ పెన్షను వివరాలు సరిచూసుకోండి, అది ఆరోగ్యంగా ఉన్నవారికీ అవసరమే. నిజంగా చివరి దశ వస్తే నేనే పిలిచి చెబుతాను. అంతవరకు నా మాట మీద ఎవరి చదువూ ఆపకండి, ఎవరి పెళ్లీ ముందుకు జరపకండి."

ఆనాడు వరండాలో ఈ జవాబు చెప్పి ఉంటే బాగుండేది. అది నాకు తెలియడానికి గార్డుగారు తొమ్మిదేళ్లు నా గదికి రావలసి వచ్చింది.

 కార్యవర్గంవారు అనుమతిస్తే భోజనాలయ్యాక ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాను. ఎకో రిపోర్టులు తెచ్చుకున్నవారు రండి, కలిసి చదువుదాం. వచ్చే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ దగ్గర అందరం మళ్లీ కలుసుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.